జపాన్ గేమ్స్‌ని అమెరికా కోసం మార్చేటప్పుడు పేర్లు, ఊళ్లు, తిండి కూడా మార్చేయడం తప్పా?

గోదారిగట్టు (సన్నీవేల్, కాలిఫోర్నియా) అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. పోస్టు కాస్త పెద్దదే, ఓపిక చేసుకుని చదవండి. ఇంట్లో చిన్న గొడవతో మొదలైంది, వారం రోజులుగా నా బుర్రలో తిరుగుతూనే ఉంది.

మా అమ్మాయికి 13 ఏళ్లు. ఈ వేసవి సెలవుల్లో నింటెండో స్విచ్ అనే గేమ్ పరికరంలో 'ఫీనిక్స్ రైట్: ఏస్ అటార్నీ' మూడు భాగాలూ పూర్తి చేసింది. తెలియనివాళ్ల కోసం చెబుతున్నా, అది లాయర్ గేమ్. సాక్షి మాటల్లో అబద్ధం ఎక్కడుందో పట్టుకుని, దానికి తగ్గ ఆధారం చూపించి "అబ్జెక్షన్!" అని అరవాలి. ఆఫీసు నుంచి రాగానే నేనూ పక్కన చేరేవాణ్ణి. ఈ మధ్యకాలంలో మేమిద్దరం అంతసేపు కలిసి కూర్చున్నది ఆ గేమ్ ముందే.

కథ జరిగేది లాస్ ఏంజెలెస్‌లో. హీరో పేరు ఫీనిక్స్ రైట్. అతనికి తోడుగా ఉండే అమ్మాయి మాయా ఫే. మాయాకి బర్గర్లంటే ప్రాణం. కానీ ఆ పిల్ల వేసుకునేది జపాన్ గుళ్లలో కనిపించే తరహా బట్టలు, మెడలో కామా ఆకారపు రాయి. వాళ్ల సొంతూరు కొండల్లో ఉంటుంది. అక్కడి ఆడవాళ్లు చనిపోయినవాళ్ల ఆత్మల్ని తమ ఒంటి మీదికి పిలుస్తారు. ఇళ్లలో నేలంతా చాపలు, కాగితపు తలుపులు. "లాస్ ఏంజెలెస్ దగ్గర ఇలాంటి ఊరెక్కడుంది నాన్నా?" అని మా అమ్మాయి అప్పుడే అడిగింది. గేమ్ కదమ్మా అని దాటేశాను.

స్కూల్ తెరిచాక తన స్నేహితురాలికి ఈ గేమ్ గురించి చెప్పింది. ఆ అమ్మాయి వాళ్లది జపాన్ నుంచి వచ్చిన కుటుంబం, ఇక్కడ నాలుగో తరం. ఆ పిల్ల మొహం చిన్నబుచ్చుకుని, "అందులో అందరూ జపనీస్ వాళ్లే. పేర్లు తీసేసి అమెరికా వాళ్లని చేశారు. మాయా అసలు పేరు మయోయి. తనకి ఇష్టం బర్గర్ కాదు, రామెన్" అందట. మాది కూడా నోరున్న పిల్లే. "అయితే ఏమైంది, గేమ్ బాగుందిగా" అనేసింది. రెండు రోజులు ఇద్దరికీ మాటల్లేవు. మూడో రోజు రాత్రి అన్నం తింటూ ఏడ్చేసింది, "నేనేం తప్పన్నాను నాన్నా?" అని.

నాకు జవాబు రాలేదు. నిజంగా రాలేదు. మనం చిన్నప్పుడు చూసిన తమిళ డబ్బింగ్ సినిమాలు గుర్తొచ్చాయి. షాపు బోర్డు మీద తమిళ అక్షరాల పైన తెలుగు అక్షరాలు అతికించేవాళ్లు. వెనక కనిపించే గుడి గోపురం ఒక ఊరిది, డైలాగులో చెప్పే ఊరు చిత్తూరు. రాజమండ్రిలో మేం ఈలలు వేసి చూశాం. తమిళులెవరూ మా పేర్లు తీసేశారని అలిగినట్టు నేనెప్పుడూ వినలేదు. మరి ఇది దానికంటే వేరా? వేరైతే ఎక్కడ వేరు? మా అమ్మాయికి అర్థమయ్యేలా ఏం చెప్పాలి?

పాత_క్యాసెట్ (మలక్‌పేట, హైదరాబాద్) జవాబు:

గోదారిగట్టు గారూ, పిల్లల మనసు కష్టపడింది, అది నాకూ బాధగానే ఉంది. కానీ గేమ్ విషయంలో నాకు తప్పేమీ కనబడటం లేదు. నా లెక్క చెబుతాను.

మారియో రెండో భాగం కథ తెలుసా మీకు? జపాన్‌లో 1986లో వచ్చిన అసలు రెండో భాగం మరీ కష్టంగా ఉందని అమెరికా నింటెండో వాళ్లు వద్దన్నారు. దాని బదులు 1987లో వచ్చిన 'యుమె కోజో: డోకి డోకి పానిక్' అనే వేరే గేమ్ తీసుకున్నారు. అది ఫుజి టీవీ వాళ్ల ఉత్సవం కోసం చేసింది, అందులో ఆడేది ఆ ఉత్సవం బొమ్మలు నలుగురితో. ఆ నలుగురినీ తీసేసి మారియో, లుయీజీ, టోడ్, యువరాణిని పెట్టి 1988లో 'సూపర్ మారియో బ్రదర్స్ 2' అని అమ్మారు. బ్రహ్మాండంగా ఆడింది. 1992లో అదే గేమ్‌ని జపాన్‌లో 'సూపర్ మారియో యూఎస్ఏ' అని విడుదల చేశారు. అత్తారింటి పేరు పెట్టుకుని పుట్టింటికి వచ్చిన ఆడపిల్లలాగా.

'యానిమల్ క్రాసింగ్' ఇంకా ముచ్చటైన సంగతి. 2002లో అమెరికా కోసం ఇంగ్లిష్‌లో తిరగరాసేటప్పుడు అక్కడి పండగలు, కొత్త వస్తువులు చేర్చారు. అవి నింటెండో జపాన్ వాళ్లకే ఎంత నచ్చాయంటే, ఆ మార్పుల్ని మళ్లీ జపనీస్‌లోకి తెచ్చుకుని 2003లో కొత్త గేమ్‌గా అమ్మారు. మార్చడమంటే దొంగతనమే అయితే, సొత్తు పోయినవాడు దొంగ సంచి తెరిచి అందులోంచి కొత్త వస్తువు కొనుక్కుంటాడా?

నేను పుస్తకాల్లో చదివి చెప్పడం లేదు. 1990ల్లో మా ఇంట్లో ఉన్నది కోఠీలో కొన్న టీవీ వీడియో గేమ్, పసుపు క్యాసెట్లు. వాటిలో చాలావరకు జపనీస్ అక్షరాలే. మూడో వరుస నొక్కితే గేమ్ మొదలవుతుంది, నాలుగోది నొక్కితే మొత్తం చెరిగిపోతుంది, ఇలా అక్షరాల ఆకారాలు గుర్తుపెట్టుకుని ఆడాం. ఒక గేమ్‌లో ఊరి పెద్ద ఏదో చెబుతూనే ఉంటాడు, నాకు ఇప్పటికీ ఆయన ఏం చెప్పాడో తెలియదు. ఆ బాధ పడ్డవాణ్ణి కాబట్టి చెబుతున్నా, మార్చి అయినా సరే అర్థమయ్యేలా ఇచ్చినవాడికి నేను దణ్ణం పెడతాను. చేసిన కంపెనీ ఒప్పుకుంది, డబ్బులు తీసుకుంది, ఆడినవాళ్లు సంతోషించారు. ఇందులో నష్టపోయింది ఎవరు?

హనుమకొండ_చెల్లె జవాబు:

పాత_క్యాసెట్ అన్నా, మీ ఉదాహరణలు రెండూ సరైనవే. నష్టపోయింది ఎవరు అన్న మీ ప్రశ్న కూడా సరైనదే. దానికే నా దగ్గర జవాబు ఉంది, కొంచెం దూరం నుంచి వస్తాను.

నేను ఆరేళ్లు గేమ్స్‌లో భాష సరిచూసే పని చేశాను. బయట అనుకునేంత రంగులమయంగా ఉండదు. ముందర ఒక ఎక్సెల్ షీట్. ఒక కాలమ్‌లో జపనీస్, పక్కన ఇంగ్లిష్, దాని పక్కన ఆ డబ్బాలో ఎన్ని అక్షరాలు పడతాయో అంకె, చివర కామెంట్లు. జపనీస్‌లో నాలుగు గుర్తులతో అయిపోయే మాట ఇంగ్లిష్‌లో ఇరవై అక్షరాలు తింటుంది. పాత క్యాసెట్లలో జాగా ఇంకా తక్కువ. 1994లో 'ఫైనల్ ఫాంటసీ 6'ని టెడ్ వూల్సీ అనే ఆయన ముప్పై రోజుల్లో ఇంగ్లిష్ చేశారు. అంత పెద్ద కథ, నెల రోజులు, చాలని జాగా, పైగా దేవుడి మాట, మద్యం మాట రాకూడదని నింటెండో నియమాలు. 'హోలీ' అనే మంత్రం 'పెర్ల్' అయిపోయింది అందుకే. కాబట్టి కనిపించిన ప్రతి మార్పునూ దోపిడీ అనలేను. ఆ కుర్చీలో కూర్చున్నదాన్ని.

గోదారిగట్టు గారి అమ్మాయి ఆడిన గేమ్ సంగతే తీసుకోండి. జపాన్‌లో హీరో ఇంటిపేరు నరుహోదో. అది ఇంటిపేరులాగా రాసినా, చెవికి "ఓహో, అదా సంగతి" అన్న మాటలాగే వినిపిస్తుంది. ప్రతివాడి పేరులోనూ ఇలాంటి మడత ఉంటుంది. ఎదుటి పక్షం లాయరు మిత్సురుగి, అందులో కత్తి ఉంది. ఇంగ్లిష్‌లో ఎడ్జ్‌వర్త్ అన్నారు, పదును పోలేదు. డిటెక్టివ్ ఇతోనోకోగిరి అంటే సన్న రంపం, ఇంగ్లిష్‌లో గమ్‌షూ అయ్యాడు, అమెరికా వాడుకలో అది డిటెక్టివ్ అనే మాటే. నరుహోదో అని అలాగే వదిలేస్తే అమెరికా పిల్లకి అది ఉత్త శబ్దం. కోర్టులో ఆ పేరు మీద పడే ప్రతి జోకూ చచ్చిపోతుంది. నన్ను తెలుగులో చెయ్యమంటే హీరోకి అవునూరి అని ఇంటిపేరు పెడతాను. నిజంగా ఉన్న ఇంటిపేరే, మా స్కూల్లో ఒక సారుది. "అవునూరి గారూ, అవునా కాదా?" అని జడ్జి అడిగితే మన కోర్టు హాలు నవ్వుతుంది. ఆ నవ్వు దక్కాలంటే నరుహోదో పోవాల్సిందే. ఇది దోపిడీ కాదు, వంట తెలిసినవాళ్ల పని.

మరి తప్పు ఎక్కడ మొదలవుతుంది? నాకు తెలిసినంతలో అన్నిటికంటే చేదు ఉదాహరణ 1996లో వచ్చిన మొదటి 'పెర్సోనా'. జపాన్ ఊళ్లో హైస్కూల్ పిల్లల కథ. అమెరికాకి వచ్చేసరికి ఊరి పేరు లూనార్‌వేల్ అయింది. పేర్లు మార్చారు, అంతవరకూ సరే అనుకుందాం. పిల్లల మొహాలు తిరగ గీశారు. జుట్టు రంగులు, ఒంటి రంగులు మార్చి జపాన్ పిల్లలు కాకుండా చేశారు. మసావో అనే కుర్రాణ్ణి, ముద్దుపేరు మార్క్, నల్లజాతి కుర్రాడిగా మార్చి, వాడి నోట్లో వీధి యాస పెట్టారు. నల్లవాళ్లు ఇలాగే మాట్లాడతారు అని ఎవరో బయటి నుంచి ఊహించుకున్న యాస. అంటే ఒక్క మార్పుతో ఇద్దరికి అన్యాయం. జపనీస్ పిల్లాడు మాయమయ్యాడు, వాడి స్థానంలో నిజమైన నల్లజాతి పిల్లాడు కూడా రాలేదు. 2009లో పీఎస్పీ అనే చేతి గేమ్ పరికరానికి మళ్లీ చేసినప్పుడు ఊరూ పేర్లూ మొహాలూ అన్నీ వెనక్కి పెట్టారు. పదమూడేళ్లు పట్టింది.

'గన్‌బారె గోయెమోన్' అని ఇంకోటి ఉంది. గోయెమోన్ అంటే జపాన్ జానపద కథల్లో పేదలకు పంచిపెట్టే దొంగ. 1992లో అమెరికాకి వచ్చినప్పుడు అతను కిడ్ యింగ్, వాడి దోస్తు డాక్టర్ యాంగ్. యిన్, యాంగ్ అనేవి చైనా మాటలు! జపాన్ పేరు తీసేసి చైనా వాసన పూశారు, ఎవరికి తేడా తెలుస్తుందిలే అని. సర్వాయి పాపన్న కథ తీసుకుపోయి, పేరు పలకడం కష్టమని సింగ్ అని పెడితే మనకెలా ఉంటుంది? అదీ.

ఇప్పుడు నాకు జరిగింది చెబుతా. ఇది ఎన్నడూ రాయలేదు.

కంపెనీ పేరు వద్దు. మన దగ్గర తయారైన మొబైల్ గేమ్, రెండు వస్తువులు కలిపితే మూడోది పుట్టే రకం. దసరా అప్‌డేట్‌లో తంగేడు పూలు, గునుగు పూలు కలుపుకుంటూ పోతే చివరికి బతుకమ్మ తయారవుతుంది. బొమ్మ గీసిన పిల్ల సిద్దిపేట దగ్గరి నుంచి వచ్చింది. ఇత్తడి తాంబాలం, అడుగున గుమ్మడాకు అంచు కొంచెం కనబడేలా, వరుస మీద వరుస పూలు, అన్నిటికీ పైన పసుపు గౌరమ్మ. చూస్తుంటే మా వాకిలి గుర్తొచ్చేది. అమెరికా విడుదల కోసం షీట్ వచ్చినప్పుడు ఆ వరుసలో కామెంట్ ఉంది: అక్కడివాళ్లకు తెలియదు, 'ఫ్లవర్ కేక్' అని మార్చండి. డబ్బాలో 14 అక్షరాలు పడతాయి. ఇంగ్లిష్‌లో బతుకమ్మ అంటే 10 అక్షరాలు. ఫ్లవర్ కేక్ అంటే మధ్య జాగాతో కలిపి 11. జాగా లేదు అనే సాకు కూడా లేదు. నేను కామెంట్‌లో ఆ అంకెలు రాసి పంపాను. జవాబు రాలేదు. గడువు సాయంత్రానికి. నా చేతులతోనే టైపు చేసి పంపించాను.

అక్కడితో ఆగలేదు. కేక్ అని పేరు పెట్టాక, అది కేక్‌లాగా కనబడాలి కదా అని ఎవరికో తోచింది. నెల తర్వాత తయారైన గేమ్ తెరిచి చూస్తే పైన గౌరమ్మ లేదు. ఆ చోట కొవ్వొత్తి ఉంది. వెలుగుతున్న కొవ్వొత్తి. బొమ్మ గీసిన పిల్ల నా డెస్క్ దగ్గరికొచ్చి స్క్రీన్ చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయింది. ఆ ఏడు పండక్కి ఇంటికి పోయినప్పుడు అమ్మ పసుపు ముద్ద చేసి గౌరమ్మను నిలబెడుతుంటే నేను అటు చూడలేకపోయాను.

పాత_క్యాసెట్ అన్నా, అక్కడ కూడా కంపెనీ ఒప్పుకుంది. డబ్బులు వచ్చాయి. ఆడినవాళ్లు సంతోషించారు. నష్టపోయిన మనిషి ఆ లెక్కలో ఎక్కడా కనబడదు, ఎందుకంటే ఆ షీట్‌లో ఆమెకు కాలమ్ లేదు.

చిన్నప్పుడు మా పెదనాన్న కొడుకు తెచ్చిన సీడీలో ఇంగ్లిష్ పోకెమాన్ కార్టూన్ చూశాం. అందులో బ్రాక్ అనే కుర్రాడి చేతిలో తెల్లటి ముద్ద, మధ్యలో నల్లగా ఆకుచుట్టు. అది అన్నం ముద్ద అని మా ఇంట్లో నాలుగేళ్ల పిల్లకి కూడా తెలుస్తుంది. బ్రాక్ మాత్రం దాన్ని జెల్లీ నింపిన డోనట్ అంటాడు. డోనట్ అంటే ఏంటో మాకు తెలియదు! అన్నం తినేవాళ్లం అన్నం ముద్దను చూస్తూ, మాకు తెలియని పేరు నేర్చుకున్నాం. అమెరికా పిల్లకి దగ్గర చేయడానికి పెట్టిన మాట అది. మిగతా లోకం ఏమనుకుంటుందో ఎవరూ ఆలోచించలేదు.

అయితే కొన్ని మార్పులు చేసి తీరాలి, అదీ చెప్పాలి. పోకెమాన్‌లోనే జింక్స్ అని ఒకటుంది. నల్లటి మొహం, పెద్ద పెదవులు. నల్లవాళ్లను వెక్కిరించడానికి తెల్లవాళ్లు మొహానికి మసి పూసుకుని ఆడిన పాత నాటకాల బొమ్మలాగే ఉందని 2000లో కెరోల్ బోస్టన్ వెదర్‌ఫర్డ్ అనే నల్లజాతి రచయిత్రి రాశారు. తర్వాత దాన్ని ఊదారంగు చేశారు. జపాన్‌లో గీసినవాళ్లకు ఆ ఉద్దేశం ఉందా లేదా అన్నది నాకు ముఖ్యం కాదు. ఆ బొమ్మ చూసి నొచ్చుకునే పిల్ల ఉంది, ఆమె తరఫున ఒకరు చెప్పారు, మార్చారు. మార్పు చేయడం, చేయకపోవడం కాదు నాకు గీత. ఆ బొమ్మలో ఉన్న మనిషిని ఎవరైనా తలుచుకున్నారా లేదా అన్నది.

గోదారిగట్టు గారూ, మీ అమ్మాయి స్నేహితురాలికి పనికొచ్చే సంగతి ఒకటి ఉంది. ఆ గేమ్‌ల ఇంగ్లిష్ పనిని చాలా ఏళ్లు నడిపిన జానెట్ హ్సూ అనే ఆవిడ, ఆ గేమ్‌లు చేసిన క్యాప్‌కామ్ కంపెనీ బ్లాగులో దీని గురించి వివరంగా రాశారు. వాళ్ల లాస్ ఏంజెలెస్ మనకు తెలిసిన లాస్ ఏంజెలెస్ కాదట. 1913లో కాలిఫోర్నియాలో జపాన్ వాళ్లు పొలాలు కొనకూడదని చట్టం చేశారు కదా, అలాంటి చట్టాలేవీ రాని, జపాన్ వాళ్ల మీద ద్వేషం పెరగని, వాళ్ల సంస్కృతి అక్కడి నేలలో వేళ్లూనుకున్న వేరే కాలిఫోర్నియా అని ఆవిడ ఊహించుకున్నారు. అందుకే కొండల్లో ఆ ఊరు ఉంది. మొదటి భాగం 2005లో ఇంగ్లిష్‌లో వచ్చేటప్పటికి ఇదంతా అనుకుని చేసింది కాదు, తర్వాతి భాగాల్లో జపాన్ గుళ్లూ దయ్యాలూ ఎక్కువైపోయి దాచడం కుదరక ఆలోచించింది. అయినా నాకు అది గొప్పగా అనిపిస్తుంది. కొవ్వొత్తి పెట్టడానికీ దీనికీ ఎంత దూరం ఉందో చూడండి.

నాగోయా_నుంచి జవాబు:

చెల్లీ, బతుకమ్మ సంగతి చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను.

నేను నాగోయాలో తొమ్మిదేళ్లుగా ఉంటున్నాను, కార్ల విడిభాగాల కంపెనీలో. ఇక్కడ నరుహోదో అనే మాట ఫోన్లో రోజుకి ఇరవైసార్లు వింటాను. మా సెక్షన్‌లో ఇద్దరు ఆ లాయర్ గేమ్ ఆడినవాళ్లే. అమెరికాలో రామెన్ బర్గర్ అయిందంటే వాళ్లకు కోపం రాలేదు, ఆసక్తిగా ఏ బర్గర్ అని అడిగారు. వాళ్లకు పోయిందేమీ లేదు మరి. బయటికెళ్తే వీధి చివర రామెన్ కొట్టుంది, టీవీ పెడితే వాళ్ల పేర్లున్నవాళ్లే ఉంటారు.

ఇక్కడే అందరూ తికమక పడతారని నా ఉద్దేశం. 2015లో బోస్టన్ మ్యూజియంలో ఒక పాత ఫ్రెంచి పెయింటింగ్ ముందు వచ్చినవాళ్లు కిమోనో వేసుకుని ఫొటో దిగే ఏర్పాటు చేస్తే, ఆసియా మూలాలున్న అమెరికన్లు ప్లకార్డులు పట్టుకున్నారు. వాళ్లకు ఎదురుగా జపాన్ నుంచి వచ్చినవాళ్లు కొందరు కిమోనోలు కట్టుకుని నిలబడి, వేసుకోనివ్వండి అన్నారు. రెండు పక్షాలూ నిజమే చెప్పాయి. సొంత ఊళ్లో ఉన్నవాడికి తన పేరు ఒక గేమ్‌లో లేకపోతే ఏమీ కాదు. వేరే దేశంలో పుట్టి, స్కూల్లో ప్రతి టీచరుకీ తన పేరు మూడుసార్లు చెప్పుకునే పిల్లకి, తన పేరులాంటి పేరున్న హీరోయిన్ దొరికి, ఆమె కూడా మాయా అయిపోతే అది వేరే బాధ. జపాన్ కంపెనీ అనుమతి ఇచ్చిందంటే ఆ పిల్ల అనుమతి ఇచ్చినట్టు కాదు. చెల్లి చెప్పిన షీట్‌లో ఆ పిల్లకీ కాలమ్ లేదు.

గోదారిగట్టు గారి డబ్బింగ్ సినిమా ప్రశ్నకి కూడా నాకు ఇదే జవాబు. తమిళవాళ్ల సినిమా మద్రాసులో తమిళంలో నిక్షేపంలా ఉంది, మనమూ వాళ్లూ పక్కపక్క ఇళ్లవాళ్లం. ఒకరు ఒకరి పేర్లు పలకలేక నవ్విన చరిత్ర లేదు.

ఇచ్చిపుచ్చుకోవడం చక్కగా జరిగితే ఎలా ఉంటుందో రెండు ముక్కలు. 'ఓసు! తతాకయె! ఓయెందాన్' అని 2005లో ఒక గేమ్ వచ్చింది. ఇక్కడి స్కూళ్లలో నల్ల కోట్లు వేసుకుని, గుండెలవిసేలా అరుస్తూ ఆటగాళ్లకు ఊపు తెచ్చే కుర్రాళ్ల దళం ఉంటుంది, వాళ్ల గేమ్. అమెరికాకి దాన్ని అతికిద్దాం అనుకోలేదు, చేసిన ఇనిస్ స్టూడియో వాళ్లే 2006లో కొత్త కథలు, కొత్త మనుషులు, ఇంగ్లిష్ పాటలతో 'ఎలైట్ బీట్ ఏజెంట్స్' అని వేరే గేమ్ కట్టారు. రెండూ రెండు పిల్లలు, ఒకే తల్లి. ఇంకోటి మన వైపు నుంచి. మన ఆర్ఆర్ఆర్‌ని ఇక్కడి తకరజుకా బృందం 2024 జనవరిలో స్టేజి నాటకంగా వేసింది. ఆ బృందంలో అందరూ ఆడవాళ్లే, భీమ్ వేషం కూడా ఆడమనిషిదే. భీమ్ భీమ్‌గానే ఉన్నాడు. పేరు మార్చి ఏ తకాషీనో చెయ్యలేదు. నూరేళ్ల నుంచి వాళ్లకున్న పద్ధతిలో వాళ్లు ఆడారు, మన కథని మన కథగానే ఉంచారు.

గోదారిగట్టు మళ్లీ రాశారు:

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. హనుమకొండ చెల్లెమ్మా, మీరు రాసింది మా అమ్మాయికి మొత్తం తెలుగులోనే చదివి వినిపించాను. కొవ్వొత్తి దగ్గరికి వచ్చేసరికి "అయ్యో" అంది. ఇంకేమీ వివరించాల్సిన పని పడలేదు.

1913 చట్టం గురించి నాకు అసలు తెలియదు. వెతికి చదివాను. పౌరసత్వానికి అర్హత లేని విదేశీయులు పొలం కొనకూడదు అని రాశారు, జపాన్ అన్న మాట లేకుండా జపాన్ వాళ్లను తగిలేలా. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో భారతీయులు కూడా పౌరసత్వానికి అర్హులు కారని ఇక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. దాంతో ఆ చట్టం మనవాళ్లకూ తగులుకుంది. నేను ఇల్లు కొన్న ఈ నేల మీదే. ఈ ముక్క చెప్పినప్పుడు మా అమ్మాయి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత తనే స్నేహితురాలికి ఫోన్ చేసి సారీ చెప్పింది.

పోయిన శనివారం పిల్లలిద్దరినీ తీసుకుని శాన్ హోసే జపాన్‌టౌన్ వెళ్లాం. ఆ అమ్మాయి అమ్మమ్మ కూడా వచ్చారు. ఫిఫ్త్ స్ట్రీట్‌లో జపనీస్ అమెరికన్ మ్యూజియం ఉంది, ఇరవై నిమిషాల దూరంలో ఉండి కూడా ఇన్నేళ్లలో నేను ఒక్కసారీ వెళ్లలేదు. 1942లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఆర్డర్‌తో జపాన్ మూలాలున్న దాదాపు లక్షా ఇరవై వేలమందిని క్యాంపుల్లో పెట్టారు కదా, ఆ బరాక్ గది నమూనా ఒకటి లోపల కట్టి ఉంచారు. చెక్క గోడలు, ఇనుప మంచాలు. ఆ అమ్మమ్మ వాళ్ల అమ్మ గారిని ముందు శాంటా అనీటా గుర్రప్పందేల మైదానానికి తీసుకెళ్లారట, గుర్రాలు కట్టే కొట్టంలో ఉంచారట. అక్కడి నుంచి వయోమింగ్‌లో హార్ట్ మౌంటెన్‌కి. ఆవిడ గదిలోకి అడుగుపెట్టలేదు. గుమ్మం దగ్గరే నిలబడి, "మా అమ్మ తిరిగొచ్చాక మాకు పిలిచే పేర్లన్నీ ఇంగ్లిష్ పేర్లే పెట్టింది" అని మాత్రం అన్నారు. మనవరాలు ఆవిడ చెయ్యి పట్టుకుంది.

తర్వాత జాక్సన్ స్ట్రీట్‌లో అందరం రామెన్ తిన్నాం. సాయంత్రం పిల్లలిద్దరూ మా ఇంట్లో ఆ గేమ్ మళ్లీ మొదటి నుంచి పెట్టారు. భాష సెట్టింగ్‌లో జపనీస్ ఉంది, అది ఇన్నాళ్లూ మేం చూడనేలేదు. ఆ అమ్మాయి శనివారం బడిలో నేర్చుకున్న అక్షరాలు కూడబలుక్కుని చదువుతోంది, పెద్ద గుర్తులు వస్తే ఫోన్లో వెతుకుతోంది. ఒక్కో వాక్యానికి రెండు నిమిషాలు. మొదటి కేసులో ముద్దాయిగా నిలబడేవాడి పేరు యహారి. ఆ పేరు చూడగానే పకపకా నవ్వింది. ఏమిటని అడిగితే, ఎప్పుడు ఏ గొడవ జరిగినా వాళ్ల అమ్మమ్మ తల ఊపుతూ అనే మాట అదేనట, జరుగుతుందని ముందే తెలిసినట్టు. తమ స్నేహితుడొకడు అలాంటివాడే ఉన్నాడని ఇద్దరూ ఏదో గుసగుసలాడుకున్నారు.

మా అమ్మాయి నా వైపు తిరిగి, "తెలుగులో అయితే వాడికి ఏం పేరు పెడతావు నాన్నా?" అంది.

వంటింట్లోంచి వాళ్ల అమ్మ అందుకుంది: "అనుకున్నా."